గీత అవతల ఇద్దరం

ఫిబ్రవరి 3, ఆదివారం

ఈ పుస్తకం సండే స్కూల్లో వాక్యాలు రాసుకోమని ఇచ్చింది. ముందు వైపు వాక్యాలున్నాయి. నేను వెనక నుంచి మొదలుపెట్టాను. నాన్న వెనక పేజీలు చూడడు.

మనుషుల ముందు నిలబడితే నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కాగితం ముందు పడదు. అక్షరాలు తప్పులు పోతాయి. పోనీ.

నన్ను తీసుకున్నారు. వేల్స్ జట్టులోకి. వచ్చే శనివారం స్వాన్సీలో ఐర్లండ్‌తో రగ్బీ. నాలుగు దేశాలు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడే ఈ పోటీలు మొదలై ఇది రెండో ఏడు. పదిహేను పేర్లలో చివరిది నాది. ఇథెల్ ప్రాసెర్. ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. మా ఇంట్లో మాట్లాడేది వెల్ష్, ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే గానీ రాదు, అందుకని అక్క చదివింది. అడగకుండానే మూడుసార్లు చదివింది.

నాన్న బూట్లకు నూనె రాసుకుంటూ విన్నాడు. ఆయన సంఘ పెద్ద. మందిరంలో ముందు బల్ల మీద కూర్చుంటాడు.

"ఆట అయ్యాక వాళ్ళంతా ఎక్కడికి పోతారో నాకు తెలుసు. బీరు కొట్టుకి," అన్నాడు.

"వీడు తాగడు నాన్నా. బీరు అడగాలన్నా నోరు విప్పాలి కదా," అంది మారెడ్ అక్క.

నాన్న నవ్వలేదు. అమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఆయన నవ్వు నేను చూడలేదు. రెండో బూటు కూడా పూర్తి చేసి అప్పుడు తలెత్తాడు.

"వెళ్ళు. కానీ అక్కడ నిన్ను చూసి మన మందిరాన్ని అంచనా కడతారు. గుర్తుంచుకో."

గుర్తుంచుకుంటాను.

ఫిబ్రవరి 6, బుధవారం

షెంకిన్ మా ఇనప రేకుల మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. రేవులో బొగ్గు ఎత్తుతాడు, మా క్లబ్బులో ఆడతాడు. అతన్నీ తీసుకున్నారు. అతనికి మందిరం లేదు, భయం లేదు.

"ఒరే మూగోడా, నిన్నెందుకు తీసుకున్నారో తెలుసా?"

తెలీదన్నట్టు తలూపాను.

"నీ మొహం చూసి కాదు. చేతులు చూసి. పొద్దస్తమానం రోలర్ల వెనక నిలబడి ఎర్రటి రేకులు అందుకుంటావు. ఒక్కటి జారవిడవ్వు. ఏదీ, చెప్పు. బంతి పట్టుకుని వాళ్ళ గోలు గీత దాటావు. అవతలివాడు కూడా బంతి మీద చేతులేశాడు. అప్పుడు?"

"గీత దాటే సమయానికి ఎవరి చేతులు బంతి మీద ఉంటే వాళ్ళే పెనుగులాడాలి. మిగతావాళ్ళు తప్పుకోవాలి."

"అబ్బో, మాట్లాడాడ్రా. ఎప్పటిదాకా?"

"ఒకడు నేలకి ఆనించేదాకా. నేను ఆనిస్తే మనకి ట్రై, గోలుకి తన్నే వీలొస్తుంది. వాడు ఆనిస్తే ఏమీ లేదు."

"మధ్యలో రెండు చేతులూ ఊడితే?"

"ఊడినట్టే. మళ్ళీ పెట్టకూడదు."

"పెడితే?"

నేను ఆలోచిస్తుంటే అతనే అన్నాడు. "పెడితే దొంగతనం. కానీ ముందు ఎవడో ఒకడు చూడాలి కదా!" అని నా వీపు మీద చరిచి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 9, శనివారం

గెలిచాం. వేళ్ళు వాచాయి. రాయలేను.

ఫిబ్రవరి 10, ఆదివారం, మధ్యాహ్నం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దుట్నుంచీ వాన. సముద్రం వైపు గాలి. మైదానం దుక్కి దున్నినట్టు అయిపోయింది. మొదటి సగంలో ఎవరికీ ఏమీ లేదు. రెండో సగంలో కూడా చాలాసేపు ఏమీ లేదు. ఎవరు ఎవరో గుర్తుపట్టే వీల్లేదు, అందరివీ ఒకటే రంగు బట్టలు, బురద రంగు.

అప్పుడు షెంకిన్ బంతి నా పొట్టలోకి విసిరాడు. గీత నాలుగడుగుల దూరం. నేను తలొంచాను. వెనక నుంచి మనవాళ్ళు నెట్టారు. గీత దాటాను. దాటేటప్పుడు బంతి మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి. పొడుగు మనిషి, ఎడమ కనుబొమ్మ మీద కోత, రక్తం వానకి పల్చనై చెంప మీదికి కారుతోంది. టిస్డాల్ అని తర్వాత తెలిసింది. డబ్లిన్‌లో డాక్టరు చదువు చదువుతున్నాడు.

జట్టుకొకరు చొప్పున ఉన్న అంపైర్లిద్దరూ కర్రలెత్తారు. మిగతా అందర్నీ దూరం లాగేశారు. ఇక గీత అవతల మేమిద్దరమే. చుట్టూ ఇరవై ఎనిమిది మంది, వాళ్ళ వెనక జనం. ఎవరూ ముట్టుకోకూడదు.

ఎంతసేపో నాకు తెలీదు. ఐదు నిమిషాలని ఒకరు, పదని ఒకరు. అతను పైన, నేను కింద. తర్వాత నేను పైన. అతని ఊపిరి నా చెవిలో కొట్టింది. పుదీనా బిళ్ళ వాసన. ఒకసారి అతను మెల్లిగా అన్నాడు, "బాగా పట్టావు." వెక్కిరింత కాదు.

తర్వాత అతను ఒక్కసారిగా మెలి తిప్పాడు. నా ఎడమ చెయ్యి బంతి మీద నుంచి అప్పటికే ఎప్పుడో పోయింది. కుడిచెయ్యి జారింది. జారింది గానీ పోలేదు. చిటికెన వేలు బంతి మీదే ఉంది. మళ్ళీ గట్టిగా పట్టుకుని, మొత్తం బరువు వేసి నేలకి అదిమాను.

అరుపులు.

టిస్డాల్ లేచాడు. నోట్లో బురద ఉమ్మి, "వదిలేశాడు. వదిలి మళ్ళీ పట్టుకున్నాడు," అన్నాడు.

ఇద్దరు అంపైర్లూ చూళ్ళేదన్నట్టు తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళ వైపు అంపైరుకి నా వీపే కనిపించిందట. మన వైపు అంపైరుకి అతని వీపు. ఇద్దరు కెప్టెన్లూ వాదించుకున్నారు. అంపైర్లిద్దరూ చూళ్ళేదంటే ఇంక తీర్పు చెప్పేవాడు ఎవడూ లేడు, పెద్దమనుషులు మాట మీద తేల్చుకోవడమే. చివరికి ఐర్లండ్ కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. నెరిసిన మీసం. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు.

"కుర్రాడా, మీవాళ్ళూ చూళ్ళేదు, మావాళ్ళూ చూళ్ళేదు. నీ మాటే తీసుకుంటాను. నీ చెయ్యి బంతి మీద నుంచి పోయిందా?"

"లేదండీ," అన్నాను.

గొంతులో ఏమీ అడ్డం పడలేదు. చక్కగా వచ్చింది.

ఆయన నన్ను ఇంకాసేపు చూసి, టిస్డాల్ వైపు తిరిగాడు. "విన్నావుగా. పద."

"అబద్ధం," అన్నాడు టిస్డాల్.

"ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను."

మన కెప్టెన్ బంతిని గోలు మీదుగా తన్నాడు. ఒక గోలు మాకు, సున్నా వాళ్ళకి.

ఇంటికొచ్చాక నాన్న ఒక్కటే అడిగాడు. ఆట గురించి కాదు. "నిన్నేదో అడిగారట. ఏం చెప్పావు?"

"వదల్లేదని చెప్పాను."

"మంచిది," అన్నాడు.

ఫిబ్రవరి 11, సోమవారం

మిల్లులో రోలర్లు ఆపి చప్పట్లు కొట్టారు. ఫోర్‌మన్ ఏమీ అనలేదు.

చిటికెన వేలు బంతి మీదే ఉంది. చిటికెన వేలు కూడా చెయ్యే.

ఫిబ్రవరి 14, గురువారం

సహవాస కూడిక రోజు. గురువారం పొద్దు వాలాక సంఘం వాళ్ళే కూర్చుని, ఆ వారం ఎవరి మనసు ఎలా ఉందో చెప్పుకునే కూడిక. పెద్దల పిల్లలం కాబట్టి మమ్మల్నీ కూర్చోనిస్తారు, వెనక.

మా పాస్టరు అయ్యగారు లేచి, రగ్బీ మీద తన అభిప్రాయం అందరికీ తెలిసిందేనని, అది మారలేదని అన్నారు. ఆ తర్వాత, "కానీ వేలమంది ముందు, చదువుకున్న దొరలు ఒకరినొకరు నమ్మలేని చోట, మన మందిరం కుర్రాడి ఒక్క మాట నమ్మి తగ్గారు. నేనెన్నాళ్ళు ప్రసంగాలు చేస్తే మాత్రం అంత సాక్ష్యం దొరుకుతుంది?" అన్నారు. ఆమేన్ అన్నారు. నాన్న తల దించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బయటికి వస్తుంటే అయ్యగారు నన్ను తలుపు దగ్గర పట్టుకుని, తన టోపీ చేతిలో పెట్టి, "ఏదీ, ఎలా పట్టుకున్నావో చూపించు నాయనా," అన్నారు. నేను కదల్లేదు. ఆయనే టోపీని రెండు చేతుల మధ్య ఇరికించుకుని వంగారు. గాలికి టోపీ ఎగిరి మెట్ల మీద దొర్లింది.

"చెయ్యి వదిలారు అయ్యగారూ, ఇక మళ్ళీ ముట్టుకోకూడదు!" అని అరిచింది అక్క.

నాన్న నవ్వాడు. పళ్ళు కనిపించేలా. అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఏమీ లేదు.

ఫిబ్రవరి 23, శనివారం

షెంకిన్ రేవు నుంచి ఐర్లండ్ పేపరు తెచ్చాడు. ఓడ వాళ్ళ దగ్గర తీసుకున్నాడట. అతనికి ఇంగ్లీషు బాగా వచ్చు.

"నీ డాక్టరుగారి పని అయిపోయిందిరా. స్కాట్లండ్ మీద ఆడే జట్టులో లేడు. అవతలివాడి మాటని అబద్ధమన్నందుకు క్షమాపణ అడగమన్నారట, అడగనన్నాడట. 'మర్యాదస్థుడికి తగని పని' అని రాశారు చూడు."

"అతను ఏమన్నాడట?"

"ఏమంటాడు? కళ్ళతో చూశానన్నాడట. కళ్ళల్లో బురద కొట్టుకుని ఏం చూస్తాడు, ఆ?" నా మొహంలోకి చూశాడు. "ఏంట్రా?"

"ఏం లేదు."

చిటికెన వేలు ఉంది.

ఫిబ్రవరి 26, మంగళవారం

పెరట్లో తొట్టి దగ్గర అక్క తడి దుప్పటి ఉండలా చుట్టి పెట్టింది. ఎవరూ లేరు. కుడిచెయ్యి దాని మీద పెట్టి మెలి తిప్పి చూశాను. చిటికెన వేలు ఒక్కటే ఆనించి మిగతా చెయ్యి లేపితే ఎలా ఉంటుందో.

ఇరవైసార్లు చూశాను.

అలా లేదు ఆ రోజు.

మార్చి 1, శనివారం

నిన్న రాసింది తప్పు. నిన్న కాదు, మంగళవారం. తడి దుప్పటీ తోలు బంతీ ఒకటి కాదు.

మార్చి 4, మంగళవారం

ఉత్తరం వచ్చింది. డబ్లిన్ ముద్ర. నాన్న మిల్లులో ఉన్నాడు, నేను రెండో షిఫ్టు. అక్క పిండి చేతులు తుడుచుకుని విప్పింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది. నాకు గుర్తున్నంత రాస్తాను.

"మిస్టర్ ప్రాసెర్, మనిద్దరికీ తెలిసిన సంగతి ఇంకెవరికీ తెలీదు. ఫలితం మార్చమని అడగడం లేదు. మీ గోలు మీ దగ్గరే ఉంచుకోండి. మా కెప్టెన్ మీ మాట నమ్మాడు. ఆ రోజు మీ మొహం చూస్తే నేను కూడా నమ్మేవాణ్ణి. ఇప్పుడు నేను గదిలోకి వస్తే స్నేహితులు మాటలు ఆపేస్తున్నారు. మా నాన్న పెద్దగా ఏమీ అనలేదు, క్షమాపణ అడిగితే పోతుంది కదా అన్నాడు, అంటే ఆయన కూడా నమ్మలేదు. ఒక్క లైను రాయండి. నేను అబద్ధం చెప్పలేదని. అంతే. హెచ్. టిస్డాల్."

అక్క కాగితం మడిచింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది.

"వీడెవడో పిచ్చివాడు," అంది. నన్ను చూసింది. "ఇథెల్, వీడు పిచ్చివాడు కదా?"

నేను బల్ల మీద పడ్డ పిండి తుడిచాను.

"ఒరేయ్."

"చిటికెన వేలు..." అన్నాను. అక్కడే ఆగిపోయింది.

అక్క పీట మీద కూర్చుండిపోయింది. "నాన్నకి చెప్పకు," అంది.

"అతను..."

"అతనెవరో నాకు తెలీదు. డాక్టరవుతాడు, పెద్దింటివాడు, రెండేళ్ళకి మర్చిపోతారు. నాన్న నాకు తెలుసు. నిన్న పొద్దున గడ్డం గీసుకుంటూ పాట పాడాడు, విన్నావా? అమ్మ ఉన్నప్పుడు పాడేది. నా మాట విను. చెప్పకు."

విన్నాను, ఆ పాట.

మార్చి 5

లేదు.

మార్చి 7

ఉత్తరం అక్క పొయ్యి పైన డబ్బాలో దాచింది. తీసి చదివాను. నాకొచ్చిన మాటలు కొన్నే. "గది" అన్న మాట, "నాన్న" అన్న మాట.

మార్చి 9, ఆదివారం

చెయ్యి పోయింది.

మొత్తం పోయింది. చిటికెన వేలు లేదు, ఏ వేలూ లేదు. నాకెలా తెలుసంటే అరచేతికి చలిగాలి తగిలింది. అప్పటిదాకా తోలు వెచ్చగా ఉంది, ఇద్దరి చేతుల వేడికి. ఒక్క క్షణం అరచేయి చల్లగా అయింది. తర్వాత మళ్ళీ పట్టుకున్నాను. బంతి మీద వేలుంటే అరచేతికి అలా గాలి తగలదు.

నాకు ఆ రోజే తెలుసు. అతను అడగకముందే తెలుసు. "లేదండీ" అన్నప్పుడూ తెలుసు.

ఇది రాయడానికి నెల పట్టింది.

మార్చి 12, బుధవారం

నేనే రాశాను. అక్కని రాయమనలేదు. మాటలు మాత్రం అడిగాను. ఇంగ్లీషులో "పోయింది" ఎలా అంటారని అడిగితే, వంట గది గుమ్మంలో నిలబడి చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది.

"అయ్యా, నా చెయ్యి పోయింది. మళ్ళీ పెట్టాను. మీరు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను. ఈ ఉత్తరం మీ కెప్టెన్‌కి చూపించండి. ఇథెల్ ప్రాసెర్."

పోస్టులో వేసి వచ్చాక అక్క నాకు భోజనం వడ్డించలేదు. రొట్టె, జున్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 15

ఇంకా రాలేదు. ఏ రోజైనా పేపర్లో రావచ్చు. మిల్లులో ఎవరు పిలిచినా అదే అనుకుంటున్నాను. ఇవాళ ఒక రేకు జారవిడిచాను. మూడేళ్ళలో మొదటిసారి.

మార్చి 19

రాలేదు.

మార్చి 24, సోమవారం

వచ్చింది.

"మీ ఉత్తరం అందింది. అలాంటిది వస్తే ఏం చెయ్యాలో ముందే అనుకున్నాను. మా కెప్టెన్ భోజనం బల్ల మీద, ఆయన పళ్ళెం పక్కన పెడదామనుకున్నాను. పేపరుకి పంపుదామనుకున్నాను. వచ్చాక చదివి, పొయ్యిలో వేశాను. ఎందుకో నాకు సరిగా తెలీదు. అక్షరాలు చూస్తే మీరెంత కష్టపడి రాశారో కనిపించింది, అది ఒకటి. స్కాట్లండ్ ఆట కూడా అయిపోయింది. తెలిసినవాడు ఇంకొకడున్నాడు, అది నాకు చాలు. మళ్ళీ రాయకండి. టిస్డాల్."

అక్క ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "దేవుడి దయ. పొయ్యిలో వేశాడు. ఇక ఎక్కడా కాగితం లేదు."

"అక్కా."

"ఏంటి?"

"అక్కడ అతను ఇంకా అబద్ధాలకోరే."

"వద్దంటున్నది అతనే కదరా! చాలన్నాడు, రాయొద్దన్నాడు. ఇంకేం కావాలి నీకు?"

నాకేం కావాలో తెలీదు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 30, ఆదివారం

నాన్న భోజనం దగ్గర చెప్పాడు. వచ్చే గురువారం నన్ను సంఘంలో చేర్చుకుంటారు. పూర్తి సభ్యుడిగా, రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి. అయ్యగారే అడిగారట. మామూలుగా ఇరవై ఏళ్ళు నిండాలి. నాకు పద్దెనిమిది.

"సాక్ష్యం నేను చెబుతాను," అన్నాడు నాన్న. "ఏం చెప్పాలో అనుకున్నాను. ఎక్కువ చెప్పను. నా కొడుకు మాట మాటే అని చెబుతాను, అంతే." కూర వడ్డించుకుంటూ తనలో తను నవ్వుకున్నాడు.

అక్క నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

షెంకిన్‌కి చెప్పాను. అక్క కాక ఇంకెవరితోనైనా ఒకసారి చెప్పి చూడాలనిపించింది, గొంతు వస్తుందో రాదో. వచ్చింది.

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బొగ్గు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"నేనూ అలాగే అనుకున్నా," అన్నాడు.

"చూశావా?"

"చూళ్ళేదు. ఆ టిస్డాల్ మొహం చూశా. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది." బొగ్గు కుప్ప మీద ఉమ్మాడు. "ఇప్పుడు మందిరంలో చెబుతావా? చెప్తే రేపటికి వేల్స్ అంతా తెలుస్తుంది. ఆ గోలు నీ ఒక్కడిదా? పదిహేను మందిమి బురదలో చచ్చాం రా. నా పక్కటెముక విరిగింది. అది ఇంకా అతుక్కోలేదు. నీ మనసు తేలిక చేసుకోడానికి మా అందరిదీ పారేస్తావా?"

అతని పక్కటెముకల మీదికి నా చూపు పోయింది.

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "నిన్ను మూగోడా అని పిలిచేవాణ్ణి. అలాగే ఉండాల్సింది నువ్వు."

ఏప్రిల్ 4, శుక్రవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

నలభై మంది దాకా ఉన్నారు. అయ్యగారు నన్ను ముందుకి పిలిచారు. నాన్న ముందు బల్ల మీద నుంచి లేచి, కోటు సర్దుకుని, నోరు తెరిచాడు.

"నాన్నా, ఆగు," అన్నాను.

గొంతులో అడ్డం పడింది. ఎప్పుడూ పడేది. ఈసారి దాన్ని నెట్టాను. అందరూ చూస్తున్నారు. ఎవరూ సాయం చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా.

"నా చెయ్యి పోయింది," అన్నాను. "బంతి మీద నుంచి. మళ్ళీ పెట్టాను. ఐర్లండ్ ఆయన అడిగితే లేదని చెప్పాను. ఇంకొకాయన నిజం చెబితే ఆయన్ని అబద్ధాలకోరని జట్టులోంచి తీసేశారు."

ఇంకేం లేదు చెప్పడానికి.

ఎవరో దగ్గారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఎవరైనా నిన్ను బలవంతపెట్టి చెప్పించారా అని అడిగారు. లేదన్నాను. ఆ పెద్దమనిషి ఏమైనా బెదిరించాడా? నేను ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం ఆయనే పొయ్యిలో వేశాడని చెప్పాను.

సంఘం పద్ధతి ప్రకారం, శిక్ష విషయం అందర్నీ అడగాల్సింది పెద్ద. అంటే నాన్న. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, సాక్ష్యం చెప్పడానికి లేచిన చోటే.

"నేను అడగనా, నథానియల్?" అన్నారు అయ్యగారు మెల్లిగా.

"వద్దయ్యగారూ. నా పని నేను చేస్తాను," అన్నాడు నాన్న. అందరి వైపు తిరిగాడు. మందిరం పైకప్పు కేసి చూస్తూ అడిగాడు. "ఈ కుర్రాణ్ణి ఆరు నెలలు కూడికకి బయట ఉంచాలి, చేర్చుకునే మాట ఆ తర్వాత చూడాలి అనేవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఆయన కొడుకుని కదా. ఒకరినొకరు చూసుకున్నారు. వెనక నుంచి ముసలి హాప్కిన్ అమ్మగారు, "నిజం చెప్పాడు కదయ్యా బిడ్డ," అంది.

నాన్న చెయ్యి లేచింది. మొదట ఆయనదే. మిల్లులో కాలిన మచ్చలున్న చెయ్యి, నిటారుగా. అప్పుడు ఒక్కొక్కటి, ఒక్కొక్కటి. అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది.

నాకు ఊపిరి ఆడింది. దాదాపు రెండు నెలలకి.

"ఆ ఐర్లండ్ కెప్టెన్‌కి సంగతి చేరాలి," అన్నారు అయ్యగారు. "ఎవరు రాస్తారు?"

"నేను రాస్తాను," అన్నాడు నాన్న. "మారెడ్ ఇంగ్లీషు చేస్తుంది. కింద పేరు నాది పెడతాను."

పద్ధతి ప్రకారం నేను బయటికి రావాలి. వచ్చాను. లోపల కీర్తన మొదలైంది. మెట్ల కింద నిలబడ్డాను. ఇంకా వెలుతురుంది. కాలవ గట్టు మీద పడవవాడు పడవ లాగే గుర్రాన్ని అదిలిస్తున్నాడు. ఇంటికెళ్ళాలో, అక్క కోసం ఆగాలో తెలియలేదు.

కీర్తన రెండో చరణంలో ఉండగా తలుపు తెరుచుకుంది. నాన్న. టోపీ చేతిలో ఉంది. కూడిక మధ్యలో పెద్దలు లేచి రావడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూడకుండానే మెట్లు దిగాడు. దిగి, నడవడం మొదలుపెట్టాడు. నేను రెండడుగులు వెనక నడిచాను.

వంతెన దాకా ఆయన వీపునే చూస్తూ నడిచాను. వీపు వంగింది, నా వల్లే అనుకున్నాను.

వంతెన మీద ఆగాడు.

"ఎంతసేపు పట్టుకున్నావు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ బంతి. చెయ్యి పోయేదాకా ఎంతసేపు పట్టుకున్నావు?"

"ఐదు నిమిషాలని ఒకరన్నారు. పదని ఒకరు."

"వాడు బలవంతుడా?"

"అవును నాన్నా. నాకంటే."

నాన్న తలూపాడు. నేను పక్కకి వచ్చేదాకా ఆగాడు. తర్వాత ఇద్దరం పక్కపక్కన నడిచాం.

"చెప్పు," అన్నాడు.

షెంకిన్ బంతి విసిరిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"అక్కణ్ణుంచి కాదు," అన్నాడు. "పొద్దున రైలెక్కిన దగ్గర్నుంచి చెప్పు."